పొద్దున్నే ఇండికా మొరాయిస్తోంది, ఒకటే తెల్ల పొగ: హీటర్ ప్లగ్గులా, పంపా?

పటమట_ఇండికా
ఇండికా డీజిల్, 1405 సీసీ, టర్బో లేని పాత ఇంజన్. పొద్దున 5:30కి మొదటి స్టార్ట్ కష్టంగా ఉంది. తాళం తిప్పితే హీటర్ లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. సెల్ఫ్ కొడితే మూడోసారికో నాలుగోసారికో అందుకుంటుంది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ సైలెన్సర్ లోంచి తెల్ల పొగ, కళ్లు మండే వాసన. స్టార్టయ్యాక నిమిషం పాటు మిస్సింగ్, డబడబా కొట్టుకుంటుంది, తర్వాత మామూలే. మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో డీజిల్ పంపు దించి కాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) చేయించమన్నారు. పక్క షెడ్డులో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బలం) పోయింది, బోరు (సిలిండర్) పని ఉందన్నారు. హీటర్ లైటు సరిగ్గానే వెలుగుతోంది కాబట్టి హీటర్లు బాగున్నట్టేనా? ముందు ఏది చూడాలి?

గుంటూరు_నాజిల్
పంపు దించొద్దు, హెడ్డూ (సిలిండర్ల పైమూత) దించొద్దు. ముందు హీటర్లు, అంటే స్టార్టింగ్‌కి ముందు ఇంజన్ లోపల ఎర్రగా కాలే గ్లో ప్లగ్గులు చూడండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకటో రెండో హీటర్లు పోయినప్పుడు వచ్చేవే.

డ్యాష్ బోర్డు మీది లైటుని నమ్మకండి. అది చెప్పేది టైమర్ లెక్క మాత్రమే. కూలెంట్ వేడి చూసి ఇన్ని సెకన్లు అని రిలే (హీటర్లకి కరెంటు వదిలి ఆపే స్విచ్చు) అనుకుంటుంది, అవి అయిపోగానే లైటు ఆరుతుంది. నాలుగు ప్లగ్గులూ కాలిపోయినా చాలా బళ్లలో ఆ లైటు అలాగే వెలిగి అలాగే ఆరుతుంది.

బెంజిసర్కిల్_బాబ్జీ
బెజవాడలో హీటర్లేంటండి! మే నెలలో బానెట్ మీద అట్టు పోసుకోవచ్చు. మనకి చలి ఎక్కడుంది? నా ఓటు పంపుకే.

గుంటూరు_నాజిల్
బాబ్జీ గారూ, మే నెల సంగతి వేరు. ఆయన చెప్పేది తెల్లవారుజాము 5:30. ధనుర్మాసంలో ఆ టైముకి మనకీ 17, 18 డిగ్రీలు ఉంటుంది. పైగా ఈ ఇంజన్‌కి హీటర్ కావాల్సింది చలి కోసం కాదు, దాని నిర్మాణం కోసం.

ఇండికా, పాత సుమో, క్వాలిస్ ఇవన్నీ ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్. డీజిల్ పిస్టన్ మీద పడదు, హెడ్డులో ఉండే చిన్న గదిలో పడుతుంది. ఆ గదికి గాలి తక్కువ, గోడలు ఎక్కువ. పిస్టన్ గాలిని నొక్కి వేడెక్కిస్తుంటే చల్లటి గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. అందుకే కంప్రెషన్ 22:1 దాకా పెట్టినా చల్లటి ఇంజన్ స్టార్టవదు. ఆ గదిలో ఎర్రగా కాలిన కొన ఒకటి ఉండాలి. 25 డిగ్రీల వాతావరణంలో కూడా ఈ రకం ఇంజన్లు హీటర్ లేకుండా ఇబ్బంది పెడతాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే మన ఊళ్లో హీటర్ లేకపోయినా చాలావరకు నడిచిపోతుంది.

ఎండాకాలమంతా రెండు హీటర్లతో బండి నెట్టుకొచ్చేస్తుంది. డిసెంబరులో బయటపడుతుంది. ప్లగ్గు పోయింది మాత్రం డిసెంబరులో కాదు.

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
పైన నాజిల్ గారు చెప్పిందానికి తోడు ఒక మాట. పంపు టైమింగ్ తప్పితే వేడెక్కాక కూడా పికప్, పొగ, మోతలో తేడా ఉంటుంది. నిమిషంలో మామూలైపోయి మధ్యాహ్నం సుబ్బరంగా స్టార్టవుతోందంటే పంపుని అనుమానించాల్సిన పని లేదు.

మంగళగిరి_డీజిల్
ఒక్క నిమిషం ఆగండి. అందరూ హీటర్ హీటర్ అంటున్నారు, ఎయిర్ పట్టడం సంగతి ఎవరూ అడగలేదు. రాత్రంతా నిలబడిన బండిలో ట్యూబు జాయింట్ల దగ్గర గాలి దూరి డీజిల్ వెనక్కి జారిపోతే పొద్దున ఇదే గొడవ వస్తుంది. రిటర్న్ పైపులు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) ఎండకి గట్టిపడి పగిలితే మరీను.

తేడా పట్టుకోవడం తేలిక. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు సైలెన్సర్ చూడండి. పొగే రాకపోతే డీజిల్ లోపలికి వెళ్లడం లేదు, అంటే ఎయిర్. తెల్ల పొగ బుసబుసా వస్తుంటే డీజిల్ వెళ్తోంది కానీ అంటుకోవడం లేదు, అంటే వేడి చాలడం లేదు. ఖాయం చేసుకోవాలంటే రేపు పొద్దున సెల్ఫ్ కొట్టేముందు ఫిల్టర్ దగ్గర హ్యాండ్ ప్రైమర్‌ని (డీజిల్ ఎక్కించే చేతి పంపు) గట్టిపడేదాకా కొట్టండి. దాంతో ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే హీటర్లని వదిలేసి పైపులు చూసుకోవాలి.

పటమట_ఇండికా
పొగ బాగా వస్తోంది. ప్రైమర్ సంగతి రేపు చూస్తా.

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
పొగ వస్తోందంటే 90 పాళ్లు హీటరే. టెస్టు చేసే వరస రాస్తున్నా, షెడ్డుకి వెళ్లకుండా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

ముందు తాళం తీసేయండి. నాలుగు ప్లగ్గుల తలల మీదుగా ఒక పట్టీ ఉంటుంది, దాని మీద చిన్న నట్లు. అవి 8 నంబరు పానాతోనో చిన్న బాక్సుతోనో వస్తాయి. బలంగా లాగకండి, ప్లగ్గు తల మీది స్టడ్ సన్నది, మెలితిరిగి తెగుతుంది. పట్టీ మొత్తం తీసేయాలి. పట్టీ ఉండగా మీటరు పెడితే నాలుగూ కలిపి చూపిస్తుంది, ఏది పోయిందో తెలియదు. చాలామంది చేసే తప్పు ఇదే.

మల్టీమీటర్‌ని 200 ఓమ్ దగ్గర పెట్టి రెండు వైర్ల కొనలు ఒకదానికొకటి తాకించండి. 0.2 లేదా 0.3 చూపిస్తుంది, అది వైర్ల సొంత రెసిస్టెన్స్. తర్వాత ఒక కొన ప్లగ్గు తల మీద, ఇంకోటి హెడ్డు మీద శుభ్రమైన చోట. వచ్చిన అంకెలోంచి ఆ 0.3 తీసేయండి. 12 వోల్టుల ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు సుమారు 0.5 నుంచి 1.5 ఓమ్ మధ్య ఉండాలి, నాలుగూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. అంకె రాకుండా ఎడమ చివర 1 అని ఊరికే నిలబడితే లోపలి తీగ తెగింది. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువగానో తక్కువగానో ఉంటే అదీ అనుమానమే.

మీటరు లేకపోతే 21 వాట్ల ఇండికేటర్ బల్బుతో టెస్ట్ లాంప్ చేసుకోండి. ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కి, రెండోది ప్లగ్గు తలకి. బల్బు వెలిగితే తీగ తెగలేదని అర్థం. అయితే లోపల షార్ట్ అయిన ప్లగ్గుకీ బల్బు వెలుగుతుంది, కాబట్టి ఈ పరీక్షతో సగమే తెలుస్తుంది.

బెంజిసర్కిల్_బాబ్జీ
ఇంత తతంగం ఎందుకు, క్లాంప్ మీటర్ పట్టీ వైరుకి తగిలిస్తే తెలిసిపోదా?

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
తెలుస్తుంది, అయితే డీసీ ఆంపియర్లు చూపించే క్లాంప్ అయ్యుండాలి. ఇళ్ల వైరింగ్‌కి వాడే చవక క్లాంపులు ఏసీ మాత్రమే చూపిస్తాయి, బండికి తగిలిస్తే సున్నా. మామూలు మల్టీమీటర్ 10 ఆంపియర్ల గుంతలో వైరు పెట్టి చూద్దామనుకోకండి, ఫ్యూజు పోతుంది. ఒక్కో ప్లగ్గు మొదట్లో 15 నుంచి 25 ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కేకొద్దీ 8, 10కి దిగుతుంది. లోపల రెండు తీగచుట్టలు ఉంటాయి. కొన దగ్గరది కాలే చుట్ట, వెనకది అదుపు చేసే చుట్ట. వేడెక్కితే వెనకదాని రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది, ప్లగ్గు తనని తాను కాపాడుకుంటుంది. నాలుగూ బాగుంటే కాసేపటికి మొత్తం 35, 40 ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది. 20 దగ్గరే ఆగితే రెండు పోయాయి.

మిర్చియార్డు_సుమో
విప్పి బ్యాటరీ మీద పెట్టి చూడటం అన్నిటికంటే నమ్మకం. కొన 5, 6 సెకన్లలో ఎర్రబడాలి. ఎరుపు కొన దగ్గర మొదలై వెనక్కి పాకాలి. నడుము ముందు ఎర్రబడి కొన నల్లగానే ఉంటే ఆ ప్లగ్గు కరెంటు తింటుంది కానీ పని చేయదు. మీటర్ మీద మాత్రం బాగున్నట్టే చూపిస్తుంది.

పటమట_ఇండికా
చేత్తో పట్టుకుని చూడొచ్చా?

మిర్చియార్డు_సుమో
అమ్మో, వద్దు తమ్ముడూ! కొన 850 డిగ్రీల పైకి వెళ్తుంది. పానా పట్టే ఆరు పలకల భాగాన్ని వైస్‌లో బిగించు, కళ్లకి అద్దాలు పెట్టుకో. వైర్లు జంపర్ కేబుల్ అంత మందం ఉండాలి. ముందు ప్లగ్గుకి తగిలించి చివర్లో బ్యాటరీకి ముట్టించు, 10 సెకన్లు దాటనివ్వకు. పక్కన డీజిల్ గుడ్డలు, స్ప్రే డబ్బాలు ఉండకూడదు.

గుంటూరు_నాజిల్
సుమో అన్న చెప్పిన బ్యాటరీ పరీక్ష 11, 12 వోల్టుల ముద్ర ఉన్న ప్లగ్గులకే. కామన్ రైల్ బళ్లలో (కంప్యూటర్ అదుపులో డీజిల్ కొట్టే కొత్త రకం) చాలావాటికి 4.4, 5, 7 వోల్టుల ప్లగ్గులు వస్తాయి. వాటికి కంట్రోల్ యూనిట్ కరెంటుని ముక్కలు ముక్కలుగా పంపుతుంది. వాటిని నేరుగా 12 వోల్టుల మీద పెడితే రెండు మూడు సెకన్లలో కాలిపోతాయి, కొన పేలి ఎగరొచ్చు కూడా. కొన లోహంలా కాకుండా పింగాణీలా ఉంటే సిరామిక్ ప్లగ్గు. అది కింద పడితే కంటికి కనపడని పగులు వస్తుంది, మళ్లీ బిగించకూడదు. కొన విరిగి సిలిండర్లో పడితే పిస్టన్ పోయినట్టే.

తెనాలి_త్రినాథ్
స్టార్ట్ చేసే స్ప్రే దొరుకుతుంది కదా, ఎయిర్ ఫిల్టర్ దగ్గర కొంచెం కొడితే వెంటనే అందుకుంటుంది. పెట్రోలు తడిపిన గుడ్డ పెట్టినా చాలు.

గుంటూరు_నాజిల్
త్రినాథ్ గారూ, హీటర్ ఉన్న ఇంజన్‌కి ఆ పని ఎప్పుడూ చేయకండి. స్ప్రేలో ఉండేది ఈథర్, 160 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. లోపల 850 డిగ్రీల కొన ఎర్రగా ఉంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుతుంది. రింగులు కూర్చునే గాడి అంచులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి మానిఫోల్డ్‌లో మంట వెనక్కి కొట్టి ఫిల్టర్ డబ్బా ఎగిరిపోతుంది. నాలుగు ప్లగ్గుల ఖర్చు మిగుల్చుకుందామని ఇంజన్ పోగొట్టుకోవద్దు. పెట్రోలు గుడ్డ కూడా అంతే ప్రమాదం.

తెనాలి_త్రినాథ్
ట్రాక్టర్లకి కొడుతుంటే చూశాను, అందుకే అన్నాను.

గుంటూరు_నాజిల్
చాలా ట్రాక్టర్లు డైరెక్ట్ ఇంజెక్షన్, హీటర్లే ఉండవు. పెర్కిన్స్ రకం ఇంజన్లు కొన్నింటికి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో థర్మోస్టార్ట్ ఉంటుంది. దాని చుట్ట వేడెక్కితే లోపలి వాల్వు తెరుచుకుని డీజిల్ బొట్టుబొట్టుగా పడి మండుతుంది, ఆ వేడి గాలిని ఇంజన్ పీలుస్తుంది. అది ఆన్‌లో ఉండగా స్ప్రే కొట్టినా ఇదే ప్రమాదం.

వడ్డేశ్వరం_ఏరో
కొంచెం పక్కదారి. మా మోడల్ విమానాల చిన్న ఇంజన్లలో ఉండేదీ గ్లో ప్లగ్గే, అయితే లెక్క పూర్తిగా వేరు. ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట. 1.2 లేదా 1.5 వోల్టుల సెల్ తగిలిస్తే ఎర్రబడుతుంది. ఇంజన్ అందుకున్నాక సెల్ పీకేసినా తీగ ఎర్రగానే ఉంటుంది. ఇంధనంలోని మెథనాల్ ఆవిరి ప్లాటినం తగలగానే దానంతటదే వేడి పుట్టిస్తుంది, దాంతోపాటు ముందు చుట్టులో మండిన వేడీ మిగులుతుంది. అందుకే మామూలు పెట్రోలు పోస్తే ఆ ఇంజన్ నడవదు. దాన్ని 12 వోల్టుల బ్యాటరీకి ముట్టిస్తే తీగ రెప్పపాటులో పోతుంది, కుర్రాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

బెంజిసర్కిల్_బాబ్జీ
అయితే డీజిల్ బండిలో హీటర్, స్పార్క్ ప్లగ్గులా నడుస్తున్నంతసేపూ పని చేయదన్నమాట.

వడ్డేశ్వరం_ఏరో
చేయదండి. స్పార్క్ ప్లగ్గు ప్రతి మంటకీ నిప్పురవ్వ వేయాలి. డీజిల్ హీటర్ స్టార్టింగ్ వరకే, కొన్ని కొత్త బళ్లలో ఆ తర్వాత మూడు నిమిషాల దాకా పొగ, మోత తగ్గడానికి వెలుగుతుంది.

పటమట_ఇండికా
ఇవాళ చూశాను. ప్రైమర్ ముందే గట్టిగా ఉంది, అది కొట్టినా తేడా లేదు, కాబట్టి ఎయిర్ కాదు. పట్టీ తీసి మీటర్ పెట్టాను, వైర్ల రెసిస్టెన్స్ పోగా: 1వది 0.9, 2వది ఓపెన్ (అంకె రాలేదు), 3వది 1.0, 4వది ఓపెన్. పట్టీ మళ్లీ బిగించి తాళం తిప్పితే బ్యాటరీ దగ్గర 12.0, పట్టీ మీద 9.4 వోల్టులు. ఇది తక్కువేనా?

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
చాలా తక్కువ. పట్టీ మీద 11కి పైన ఉండాలి. మీకు జబ్బులు రెండు. ప్లగ్గులు రెండు పోయాయి, వాటికి కరెంటు వచ్చే దారిలో, బహుశా రిలేలో, వోల్టేజి కూడా పోతోంది.

లెక్క చూడండి. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 12కి బదులు 9.4 అంటే బతికున్న రెండు ప్లగ్గులకి కూడా రావాల్సిన వేడిలో దాదాపు 60 శాతమే వస్తోంది. మధ్యలో పోతున్న 2.6 వోల్టులు, 20 ఆంపియర్లు అనుకుంటే 52 వాట్లు, రిలే పాయింట్ల దగ్గరో ఫ్యూజు కాళ్ల దగ్గరో ఊరికే కాలిపోతోంది. రిలే మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటుంది. దీన్ని సరిచేయకుండా నాలుగు కొత్త ప్లగ్గులు బిగిస్తే కరెంటు రెట్టింపవుతుంది, ఈ డ్రాప్ ఇంకా పెరుగుతుంది, కొత్త ప్లగ్గులు కూడా సరిగ్గా ఎర్రబడవు. ‘కొత్త హీటర్లు వేశాం, అయినా అలాగే ఉంది’ అని పంపు దించడం ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఫ్యూజు కాళ్లు, రిలే కాళ్లు, ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ గీకి శుభ్రం చేసి మళ్లీ కొలవండి. అప్పటికీ 11 రాకపోతే రిలే మార్చేయండి.

బెంజిసర్కిల్_బాబ్జీ
రిలే తీసేసి డ్యాష్ మీద నేరుగా పుష్ బటన్ పెట్టేస్తారు కదా ఆటోనగర్‌లో. అది చవక.

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
పెట్టొచ్చు, అయితే ఆ బటన్ మీదుగా 60 ఆంపియర్లు పోనిస్తే అది కరిగి మంట లేస్తుంది. బటన్ రిలే కాయిల్‌ని మాత్రమే నడపాలి. ప్లగ్గుల కరెంటు 70 ఆంపియర్ల రిలే గుండా, కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల వైరుతో (10 అయితే మేలు), బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి ఇవ్వాలి. అప్పుడు కూడా ఎన్ని సెకన్లు నొక్కాలో మనిషి చేతిలో ఉంటుంది. డ్రైవర్ మారితే అరనిమిషం నొక్కి కూర్చుంటాడు. అసలు టైమరే మంచిది.

గుంటూరు_నాజిల్
విప్పేటప్పుడు జాగ్రత్త. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ముందు రోజు రాత్రి ప్రతి ప్లగ్గు మొదట్లో తుప్పు వదిలే నూనె పోయండి. ఆ చుట్టూ ఇసుక, దుమ్ము గాలితో ఊదేయండి, లేకపోతే ప్లగ్గు తీయగానే సిలిండర్లో పడుతుంది. మర్నాడు ఇంజన్ బాగా వేడెక్కాక విప్పండి. టార్క్ పానా (ఎంత బలం పడుతోందో చూపేది) ఉంటే ఎం8 (8 మిల్లీమీటర్ల మర) ప్లగ్గుకి 20, ఎం10కి 35, ఎం12కి 45 న్యూటన్ మీటర్లు దాటకండి. దాటితే తెగుతుంది. కదలకపోతే కొద్దిగా బిగించి, మళ్లీ వదులు చేసి, మళ్లీ నూనె పోసి, అలా ఆడిస్తూ రావాలి. తెగితే చాలాసార్లు హెడ్డు దించి డ్రిల్ చేయాల్సి వస్తుంది.

ప్లగ్గు వచ్చాక కొత్తది వేళ్లతో చివరిదాకా దిగాలి. మధ్యలో ఆగితే కన్నంలో కార్బన్ పేరుకుంది. రీమర్‌కి (కన్నం లోపల గీకే పనిముట్టు) గ్రీజు పూసి తిప్పితే ఆ మసి గ్రీజుకి అంటుకుని బయటికి వస్తుంది. కార్బన్ ఉండగా బలవంతంగా దింపితే ప్లగ్గు ఒళ్లు దానికి ఒరుసుకుని, వేడికి ఉబ్బి, మళ్లీ ఎప్పటికీ రాదు.

బిగించేటప్పుడు ఎం8కి 10, ఎం10కి 15, ఎం12కి 22 న్యూటన్ మీటర్లు. మరలకి టెఫ్లాన్ టేపు, సీలెంట్ వద్దు. ప్లగ్గుకి ఎర్త్ ఆ మరల గుండానే అందుతుంది. తల మీది నట్టుకి 2, 3 న్యూటన్ మీటర్లు చాలు.

మిర్చియార్డు_సుమో
నాలుగూ ఒకేసారి మార్చు తమ్ముడూ. రెండు పాతవి, రెండు కొత్తవి పెడితే పాతవి కూడా తొందరగానే పోవచ్చు, మళ్లీ పట్టీ విప్పాలి. కొనేటప్పుడు డబ్బా మీది పేరు చూసి ఊరుకోకు, పాతదాని మీద చెక్కిన వోల్టు, పొడుగు, మర సైజు సరిపోల్చు. దుకాణంలోనే నాలుగింటికీ మీటర్ పెట్టు. ఒకే డబ్బాలోవి 0.2 ఓమ్ కంటే ఎక్కువ తేడా చూపిస్తే తీసుకోకు.

తీసిన పాతవి పారేయకు. కొనలు ఫొటో పెట్టు.

పటమట_ఇండికా
తీశాను. 4వ ప్లగ్గు కొన మామూలుగానే ఉంది, లోపల తెగినట్టుంది. 2వ ప్లగ్గు కొన కరిగి మొండిగా అయిపోయింది, పక్కన గుంత పడింది.

గుంటూరు_నాజిల్
4వది వయసు అయిపోయి పోయింది. 2వది వేరే జబ్బు. కొన కరగడం, గుంత పడటం అంటే ఆ సిలిండర్ నాజిల్ డీజిల్‌ని పొగమంచులా కొట్టకుండా ధారగా ప్లగ్గు మీద పోస్తోంది, లేదా మూసుకోకుండా కారుతోంది. ఆ నాజిల్ ఇప్పి టెస్ట్ బెంచ్ మీద పెట్టించండి. ఈ రకం నాజిళ్లు సుమారు 110 నుంచి 150 బార్ మధ్య తెరుచుకోవాలి. అంతకు 10 బార్ తక్కువ ఒత్తిడిలో నిలబెట్టినప్పుడు మూతి తడవకూడదు. ఇది చేయించకపోతే కొత్త ప్లగ్గు కూడా అదే సిలిండర్లో తొందరగానే పోతుంది.

నాలుగు ప్లగ్గులూ ఒకేసారి ఉబ్బి పోతే మాత్రం నాజిల్ కాదు, రిలే అతుక్కుపోయి ఆగకుండా కరెంటు ఇచ్చిందని, లేదా ఆల్టర్నేటర్ 15 వోల్టులు దాటి ఛార్జ్ చేస్తోందని చూడాలి.

పటమట_ఇండికా
రిలే, నాలుగు ప్లగ్గులు మార్చాను. పట్టీ మీద ఇప్పుడు 11.3. పొద్దున 5:30కి లైటు ఆరాక ఒక్క సెల్ఫ్, పొగ లేదు. 2వ నాజిల్ బెంచికి ఇచ్చాను, 95 బార్ దగ్గరే తెరుచుకుంటోందట, మూతి కారుతోంది. కొత్త నాజిల్ వేయిస్తున్నా.

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
మంచిది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి. అందుకోకపోతే తాళం పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్లీ లైటు ఆరనిచ్చి కొట్టండి. తాళం వెనక్కి తిప్పకపోతే చాలా బళ్లలో టైమర్ రెండోసారి పని చేయదు.

గొల్లపూడి_డిజైర్
ఇక్కడే అడుగుతున్నా. కామన్ రైల్ డీజిల్, స్కానర్‌లో పీ 0673 అని లోపం కోడ్ వస్తోంది. స్టార్టింగ్‌లో ఏ ఇబ్బందీ లేదు. మార్చాలా, వదిలేయాలా?

గుంటూరు_నాజిల్
పీ 0671 నుంచి 0674 దాకా సిలిండర్ వరసే, మీది 3వ సిలిండర్ సర్క్యూట్. ముందు ఆ ప్లగ్గు తల మీది క్లిప్పు తీసి చూడండి, చాలాసార్లు అది వదులై కోడ్ వస్తుంది. క్లిప్పు బాగుంటే మీటర్ పెట్టండి. తక్కువ వోల్టుల ప్లగ్గులు 0.2, 0.5 ఓమ్ మధ్య ఉంటాయి కాబట్టి వైర్ల రెసిస్టెన్స్ తీసేయడం మర్చిపోకండి. ప్లగ్గే పోయిందని తేలితే బీఎస్4 (2020కి ముందరి పొగ ప్రమాణం) బండికి మన వాతావరణంలో తొందర లేదు, వచ్చే సర్వీసులో మార్చండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండి అయితే ఆలస్యం చేయొద్దు. సైలెన్సర్ ఫిల్టర్లో మసి కాల్చుకునేటప్పుడు కూడా ఆ ఇంజన్లు కొన్ని హీటర్లు వాడుకుంటాయి.

గొల్లపూడి_డిజైర్
బీఎస్4 అండి. క్లిప్పు తీసి చూస్తే పచ్చగా చిలుం పట్టి ఉంది.

కృష్ణలంక_ఎలక్ట్రీషియన్
కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చిన్న బ్రష్‌తో రుద్ది, క్లిప్పు నోరు కొంచెం నొక్కి బిగించండి. కోడ్ తుడిచేసి, ఇంజన్ పూర్తిగా చల్లారాక పొద్దున స్టార్ట్ చేసి మళ్లీ స్కాన్ చేయండి. వేడి ఇంజన్ మీద చూస్తే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) చాలాసార్లు హీటర్లని పిలవదు, కోడ్ రాలేదని మోసపోతారు.